మా లైనుకి తెల్లవార్చినవాడు

అసిరయ్య చచ్చిపోయిన సంగతి ఒక్క అసిరయ్యకి తప్ప బిర్సానగర్‌లోని మా లైను మొత్తానికి తెలిసిపోయింది.

జరిగిందేమిటంటే, మా లైనంటే టాటానగర్ కార్ఖానా పనివాళ్ళ ఇళ్ళ వరస, దానంతటికీ ఉన్న ఒకే ఒక్క ఫోను సూర్యం కిరాణా కొట్లో ఉండేది. డెబ్భైల చివర్లో మా ఊరి ఫోన్లు మనం చెప్పినదాంట్లో సగం మింగి, మిగిలిన సగం నమిలి అవతలివాడికి అందించేవి. ఆ పొద్దున్న కార్ఖానా టైమాఫీసు గుమస్తా ఫోను చేసి, "అసిరయ్య లేటు, ఇంటి దగ్గర చెప్పండి" అన్నాడు. సూర్యానికి "అసిరయ్య లేడు, ఇంటి దగ్గర చెప్పండి" అని వినిపించింది. 'ట'కీ 'డ'కీ మధ్య ఒక మనిషి ప్రాణం పోయింది.

సూర్యం కొట్టు తలుపు ఒక రెక్క మూశాడు. రెండోది మూస్తే బేరం పోతుంది. లైన్లోకి వచ్చి కబురు చెప్పాడు. కార్ఖానా నుంచి వచ్చిన కబురు కాబట్టి పోవడం కూడా కార్ఖానాలోనే పోయుంటాడని అందరూ అనుకున్నారు. మా తెలుగు సంఘం కార్యదర్శి సీతారామరావు గారు, ఎవరికి ఏ కష్టమొచ్చినా ముందు సైకిలెక్కే మనిషి, శవాన్ని ఎప్పుడిస్తారో కనుక్కుందామని గేటుకి బయలుదేరాడు. అసిరయ్య భార్య నూకమ్మ అప్పటికే టెల్కో కాలనీలో పాచిపనికి వెళ్ళిపోయింది. ఆ ఇంటి గుమ్మంలో తవిటమ్మ చతికిలబడి శోకాలు మొదలెట్టింది. తవిటమ్మ మా లైనులో పెద్ద. చావుకైనా పెళ్ళికైనా ఆవిడ గొంతు తెరిస్తేనే లెక్క.

"అన్నిటికీ ఆలీసమే గదరా నాయినా, ఈ ఒక్కదానికే తొందరపడ్డావేట్రా" అని ఏడుస్తోంది.

లోపలి నుంచి ఒక గొంతు, "ఎవులు పోయారప్పా?" అని అడిగింది.

అసిరయ్య దుప్పటి కప్పుకుని మంచం మీద ఉన్నాడు. తవిటమ్మ ఏడుపు విని లేచాడు గానీ, ఏడుపు తన గురించేనని తెలియలేదు. గుమ్మంలో పడ్డ ఎండ చూసి ఎంత పొద్దెక్కిందో మాత్రం తెలిసింది. చొక్కా గుండీలు ఒకదానిది ఇంకొకదానికి పెట్టుకుని సైకిలు మీద పడ్డాడు.

ఈలోగా గేటు దగ్గర సీతారామరావు గారు ఫోర్‌మన్ వీరరాఘవులు గారిని పిలిపించి, ఎలా పోయాడండీ అని అడిగాడు. మనిషి పనికి రాలేదు కాబట్టి ఇంటి దగ్గరే పోయుంటాడని వీరరాఘవులు గారు అనుకుని, అది మీరే చెప్పాలండీ అన్నాడు. ఇద్దరూ కాసేపు ఒకరి విచారాన్ని ఒకరు గౌరవించుకున్నారు. తర్వాత ఫోర్‌మన్ లోపలికెళ్ళి, పంపుహౌసు ముందు ఉన్నవాళ్ళందరినీ రెండు నిమిషాలు మౌనంగా నిలబెట్టాడు. రాత్రి షిఫ్టు చేసి కళ్ళు ఎర్రబడ్డ పోలరాజు మాత్రం మౌనం పాటించే ముందు, "అయితే నాకు రిలీవరెవరండి?" అని అడిగాడు.

మౌనం సగంలో ఉండగా అసిరయ్య వచ్చాడు. అందరూ తలలు వంచుకుని ఉండడం చూసి, తనూ తలగుడ్డ తీసి వెనక వరసలో నిలబడ్డాడు. అలా అసిరయ్య తన సంతాపసభకి కూడా లేటుగానే హాజరయ్యాడు. అయ్యాక పక్కవాణ్ణి మెల్లగా అడిగాడు, పోయిందెవరని. పక్కవాడు వెనక్కి తిరిగి చూసి పడిపోబోయాడు.

అసిరయ్య లేటు సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. అతని ఇంటిపేరు నిద్దాన. "మా ఇంటిపేర్లోనే నిద్దరుంది, నానేటి సేత్తాను" అనేవాడు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం నుంచి రైలెక్కి టాటానగర్‌లో దిగాల్సినవాడు, నిద్రపోయి ఎక్కడో దిగి, మర్నాడు వెనక్కి వచ్చాడట. అసిరయ్యేమో తొమ్మిది నెలలు దాటాక గానీ పుట్టలేదట. పెళ్ళికి ముహూర్తం దాటాక లేచాడట, తను లేచేలోగా నూకమ్మ లేచిపోకపోవడమే అదృష్టమట. ఇవన్నీ అతనే చెప్పేవాడు. మేం నవ్వితే మాకంటే ముందు తనే నవ్వేవాడు. అతను అందరికంటే ముందుండేది ఆ ఒక్క నవ్వులోనే.

మానుకోవాలని ప్రయత్నించలేదని కాదు. దసరాకి ఒట్టు, దీపావళికి ఒట్టు, ఉగాదికి కొత్త ఒట్టు పెట్టుకునేవాడు. అలారం గడియారం కొని, మోత పెరుగుతుందని ఇత్తడి బిందెలో పెట్టాడు. అది మోగిమోగి, అతను లేవక, చివరికి దానికే నిద్రపట్టేది. నూకమ్మ మొహం మీద చెంబుడు నీళ్ళు పోస్తే, కల్లో వాన పడిందని తర్వాత చెప్పాడు. ఒట్టు పెట్టుకున్నప్పుడల్లా, "ఈ లేటోడు రేపట్నుంచి లేటవ్వడు, సూడండి" అనేవాడు. ఆ మాటలోనే తన్ని తాను లేటోడు అనుకునేవాడు కదా. లేటోడు లేటు కాకుండా వెళ్ళడమంటే అతనికి ఇంకొకడి చొక్కా తొడుక్కున్నట్టుండేది. రెండ్రోజులు తొడుక్కుని ఇచ్చేసేవాడు.

ఇంట్లో అయితే అది నవ్వులాట. పంపుహౌసులో కాదు. ఆ పంపులు ఆగితే కొలిమికి చల్లనీళ్ళు ఆగిపోతాయి. అందుకని ఒకడి చోటికి ఇంకొకడు, అంటే రిలీవరు, వచ్చేదాకా మొదటివాడు కదలకూడదు. పోలరాజుది రాత్రి షిఫ్టు, అసిరయ్యది తెల్లవారి ఎ షిఫ్టు. ఠేకేదారు కింద కాంట్రాక్టు మనుషులు కాబట్టి షిఫ్టులు మారేవి కావు. అసిరయ్యది ఎ షిఫ్టే గానీ, ఎప్పుడొస్తాడో తెలియక పోలరాజు "నీది ఏ షిఫ్టురా" అని అడిగేవాడు. అసిరయ్య నిద్రంతా పోలరాజు కళ్ళలోంచి తీసిందే.

ఆ రోజు వీరరాఘవులు గారు అసిరయ్యని పక్కకి పిలిచి చెప్పాడు. ఠేకేదారు మనుషుల్లో కొందర్ని కంపెనీ పర్మినెంటు చేస్తోంది. విశ్వకర్మ పూజ దాటాక తను పేర్లు పంపాలి. పని తెలిసినవాడని అసిరయ్య పేరు అనుకున్నాడు. "బతికున్నవాడి కోసం మనుషుల్ని నిలబెట్టాను. ఇంకొక్కసారి లేటయితే నీ పేరు నా నోట రాదు" అన్నాడు. అరవలేదు. అరిస్తే అసిరయ్య నవ్వేసేవాడే.

పర్మినెంటు అంటే నూకమ్మకి పాచిపని మానేయడం, కంపెనీ క్వార్టరు, కంపెనీ ఆసుపత్రి. నూకమ్మ ఆ సాయంత్రం తిట్టలేదు, ఏడవలేదు. "నీకు రాదులే" అని మాత్రం అని అన్నం పెట్టింది. అసిరయ్య కూడా, నిజమే, నాకెందుకొస్తుంది అన్నట్టు తిన్నాడు.

మూడో నాలుగో రోజున అసలు సంగతి జరిగింది. మా ఊళ్ళో ఉక్కు కరిగించాక మిగిలిన మడ్డి ఉంటుంది, స్లాగు అంటారు. అది ఎర్రగా సలసలా కాగుతుండగానే వ్యాగన్లలో తీసుకెళ్ళి గుట్ట మీంచి కుమ్మరిస్తారు. కుమ్మరించినప్పుడల్లా ఆకాశం ఆ మూలంతా నారింజరంగుకి తిరుగుతుంది. ఊరికి కొత్తగా వచ్చిన చుట్టాలు దండం పెట్టుకుంటారు. వానాకాలం మబ్బు కిందికి దిగి ఉంటే ఆ వెలుగు మబ్బుకి తగిలి ఊరంతా పరుచుకుంటుంది. ఆ రాత్రి మబ్బు బాగా కిందికి దిగి ఉంది.

అసిరయ్యకి మెలకువ వచ్చింది. కిటికీ ఎర్రగా ఉంది. పొద్దెక్కిపోయిందనుకున్నాడు. అయిపోయింది, పర్మినెంటు పోయింది అనుకుంటూ బయటికి ఉరికాడు. లైన్లో మనిషి అలికిడి లేదు. ఎ షిఫ్టు వాళ్ళ సైకిళ్ళన్నీ గోడలకి ఆనించినవి ఆనించినట్టే ఉన్నాయి. అప్పుడతని బుర్రలో ఒక ఆలోచన వెలిగింది, అది ఆకాశం కంటే ఎర్రగా వెలిగింది. ఈ రోజు అందరూ లేటు. తనొక్కడే లేచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన వెనక మనుషులున్నారు.

ఆ సంతోషం పట్టలేక తలుపులు బాదడం మొదలెట్టాడు.

"లెగండ్రా, తెల్లారిపోయింది. ఇంకా తొంగున్నారేట్రా, సిగ్గులేదా" అంటూ లైను ఈ చివర నుంచి ఆ చివరకి పరిగెత్తాడు. జీవితంలో అందరూ తనని అడిగిన మాటే అందర్నీ అడుగుతూ పోయాడు. మేమంతా కళ్ళు నులుముకుంటూ బయటికొచ్చి నిలబడ్డాం. అప్పుడు, వచ్చిన సూర్యుడు వచ్చినట్టే తూర్పునే అస్తమించాడు. స్లాగు చల్లారింది. చిమ్మచీకటి.

అసిరయ్య లైను నడిమధ్యలో నిలబడిపోయాడు. అతన్ని తిట్టడానికి నలుగురు నోరు తెరిచారు గానీ అదే సమయానికి కుళాయి బుసకొట్టింది.

మా లైను చివర ఉన్న కుళాయికి నీళ్ళు ఎప్పుడొస్తాయో వాటికే తెలియదు. చీకట్లో వచ్చి, మేం లేచేలోగా పోయేవి. పక్క లైను వాళ్ళు బిందెలు వరసపెట్టి అంతా పట్టేసుకునేవాళ్ళు. ముందురోజే ఆ విషయం మీద తవిటమ్మ పక్క లైను ఆడవాళ్ళతో చాలాసేపు యుద్ధం చేసింది. ఆ చీకట్లో మా ఆడవాళ్ళందరూ లేచి ఉన్నారు, పక్క లైనువాళ్ళు నిద్రలో ఉన్నారు. బిందెలు, బకెట్లు, గంగాళాలు, చివరికి సూర్యం కొట్లో నూనె డబ్బాలు కూడా నిండాయి.

తవిటమ్మ నిండు బిందె చంకనెత్తుకుని అసిరయ్య ముందు ఆగింది. "ఆడోళ్ళ కట్టం సూసి నిద్దర మానుకున్నావా నాయినా. నీ కడుపు సల్లగుండ" అంది. అసిరయ్య ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. జనం అతని వైపు అంత గౌరవంగా చూడడం అతనెప్పుడూ చూడలేదు. తెరిచిన నోరు మూసేశాడు.

సాయంత్రానికి ముగ్గురు ఇల్లాళ్ళు వచ్చి, రేపు కూడా లేపవా అని అడిగారు. ఎ షిఫ్టు వాళ్ళు ఇద్దరొచ్చి, మా తలుపు కూడా కొట్టరా అన్నారు. అసిరయ్యని టైముకి సంబంధించిన పని ఎవరైనా అడగడం అదే మొదలు. మర్నాడు నూకమ్మ లేచి చూస్తే మంచం ఖాళీగా ఉంది. బయట తలుపుల చప్పుడు వినిపిస్తోంది.

అక్కణ్ణించి అది మా లైనుకి అలవాటైపోయింది. లేపాల్సిన ఇళ్ళవాళ్ళు పడుకునే ముందు తలుపు మీద సుద్దముక్కతో గీత గీసేవాళ్ళు. నీళ్ళకి అడ్డగీత, షిఫ్టుకి నిలువుగీత. అసిరయ్య చేతికర్రతో గీతని బట్టి తట్టేవాడు. గీత లేని తలుపు పొరపాటున తడితే లోపలి నుంచి వచ్చే తిట్లు భగవద్గీత కంటే పొడుగ్గా ఉండేవి. లైనుని లేపాక ఇంక పడుకోవడానికి ఏముంటుంది? స్నానం చేసి సైకిలెక్కేవాడు. పంపుహౌసుకి పోలరాజు టీ తాగడం పూర్తవకుండానే చేరేవాడు. పోలరాజుకి మొదట్లో అనుమానం వచ్చి, ఇంట్లో గొడవేమన్నా అయిందా అని అడిగాడు.

గమ్మత్తేమిటంటే, ఈసారి అతను ఒట్టేమీ పెట్టుకోలేదు. లేటు మానేస్తాననే మాటే అనలేదు. అతని మాటల్లో లేటోడు కనబడడం మానేశాడు. "నాను లేపకపోతే లైను లెగదు" అనేవాడు. చీకటి పడితే పేకాట దగ్గర నుంచి లేచిపోయేవాడు. ఎవడైనా బతిమాలితే, లేపేవాడు నిద్రపోతే ఎలా అని, లేపేవాడు వేరే ఎవరో పెద్దమనిషి అయినట్టు, ఆయన్ని తను కనిపెట్టుకుని ఉండాలన్నట్టు చెప్పేవాడు. పొద్దెక్కినా లేవని కుర్రాళ్ళని చూసి, ఈ కాలం వాళ్ళకి బాధ్యత లేదనేవాడు. అది విని నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళి నవ్వుకునేది.

విశ్వకర్మ పూజ దగ్గర పడింది. మా లైన్లో చిన్న పందిరి వేసి పూజ చేయడం రివాజు. ఈసారి అసిరయ్యకి శాలువా కప్పాలని సీతారామరావు గారు నిర్ణయించాడు. వీరరాఘవులు గారిని సభకి పెద్దగా రమ్మని పిలిచాడు. పర్మినెంటు పేర్ల సంగతి తన చెవిన పడింది కాబట్టి ఒక ఉపన్యాసం కూడా రాసుకున్నాడు.

పోలరాజుకి మాత్రం ఒక విషయం ఎక్కడో కలవడం లేదు. ఒకరోజు పంపుహౌసులో షిఫ్టు అప్పగిస్తూ అడిగాడు.

"ఒరే మావా, ఆ రాత్రి స్లాగు ఎప్పుడూ లేనంత పోసారు. నాను ఇక్కణ్ణించి సూసాను. నువ్వు సూరీడనుకున్నావేట్రా?"

అసిరయ్య పంపు వైపు తిరిగాడు. పోలరాజు నవ్వుతూనే ఉన్నాడు.

"సూరీడనుకున్నావు. ఓరి నీ ఇల్లు బంగారం గాను, దానికి సాలువా కప్పుతున్నారేట్రా. నాను పూజకొత్తాను. ముందు వరసలోనే కూకుంటాను."

పోలరాజు చెప్పేస్తానని అనలేదు, చెప్పననీ అనలేదు. అసిరయ్యకి అంతకంటే వేరే భయం పట్టుకుంది. నిజం తెలిస్తే జనం నవ్వుతారు. నవ్వితే తనూ నవ్వాలి, ఎప్పట్లాగే అందరికంటే ముందు. ఆ నవ్వు నవ్వాక మళ్ళీ లేటోడే. మర్నాడు ఏ మొహంతో తలుపులు తడతాడు? తట్టకపోతే తనెందుకు లేస్తాడు? అతని పర్మినెంటు నౌకరీ మొత్తం ఒక స్లాగు వ్యాగను మీద నిలబడి ఉంది.

పూజ రోజు సాయంత్రం నూకమ్మకి చెప్పేశాడు. నూకమ్మ పర్మినెంటు అయ్యేదాకా నోరు మూసుకోమంది, అయ్యాక చెప్పుకోమంది.

"అప్పుడు సెప్తే లేటవుతాదే" అన్నాడు అసిరయ్య. హాస్యానికి అనలేదు. చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకుంటున్నాడు.

పందిట్లో లైనంతా ఉంది. పక్క లైను బీహారీలు, ఒడియావాళ్ళు కూడా ప్రసాదానికి వచ్చారు. వీరరాఘవులు గారు కుర్చీలో కూర్చున్నాడు. పోలరాజు అన్నట్టే ముందు వరసలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. సీతారామరావు గారు మైకు పట్టుకుని, స్త్రీల జలకష్టం చూసి చలించిపోయి నిద్రాహారాలు మానిన త్యాగమూర్తి అని మొదలెట్టాడు. ఆయన మైకులో అసిరయ్య ఎక్కడికో వెళ్ళిపోతున్నాడు. ఇంక ఒక్క మాట దాటితే గుడి కట్టాల్సి వచ్చేది.

అసిరయ్య లేచి వెళ్ళి మైకు అందుకున్నాడు.

"బాబుగారు పెద్దోరు, బాగా సెప్పారు. అదేం కాదండి. ఆ రాత్రి నాకు కిటికీలోంచి ఎర్రగా అవుపించింది. పొద్దెక్కీసింది, నౌకరీ పోయింది అనుకున్నాను. బయటకొత్తే ఎవులూ లెగలేదు. మీరందరూ నాకంటే లేటనుకుని తలుపులు బాదాను. అది సూరీడు కాదు. స్లాగు. నీళ్ళు రావడం నాకు తెల్దు. కుళాయికీ నాకూ ఏ సంబందం లేదు."

పందిట్లో నవ్వు లేచింది, వెనక నుంచి ముందుకి. అసిరయ్య మాత్రం నవ్వలేదు. అలా నవ్వకుండా నిలబడ్డ అసిరయ్యని మేం అంతకుముందు చూడలేదు. అందుకేనేమో నవ్వు ఎక్కువసేపు నిలబడలేదు. తవిటమ్మ మాత్రం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అయితే నాను దీవించింది స్లాగునేట్రా" అంది.

వీరరాఘవులు గారు కుర్చీలో ముందుకి వంగాడు.

"సరే, ఆ రోజు స్లాగు లేపింది. మర్నాడు ఎవరు లేపారు?"

అసిరయ్య ఈ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు.

"మర్నాడు ఎవులూ లేపలేదండి. చీకటే. ఈళ్ళు నన్ను లేపమన్నారు గదా అని నానే లెగిసాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత కూడా అంతేనండి."

వీరరాఘవులు గారు తల ఊపాడు. శాలువా కప్పకుండానే, సోమవారం పొద్దున్న డాక్టరు పరీక్షకి రమ్మని అసిరయ్యకి చెప్పాడు. ఆ పరీక్ష పర్మినెంటు చేసేవాళ్ళకే ఉంటుందని లైన్లో అందరికీ తెలుసు. నూకమ్మ ఆడవాళ్ళ మధ్య కూర్చున్నచోట నుంచి కదలలేదు గానీ, చేతిలో ప్రసాదం అలాగే ఉండిపోయింది. పోలరాజు కాళ్ళు ముడుచుకుని, "మరి సోమవారం నాకు రిలీవరెవరండి?" అన్నాడు.

వెనక నిలబడ్డ పక్క లైనువాళ్ళకి తెలుగు రాదు. ఏం జరిగింది, ఎందుకు నవ్వారు, ఎందుకు ఆగారు అని అడుగుతున్నారు. సూర్యం వాళ్ళ వైపు తిరిగి హిందీలో మొదటి నుంచీ విడమర్చి చెప్పాడు. స్లాగుని చూసి సూర్యుడనుకున్నాడనీ, అందరినీ లేపేశాడనీ, అందుకే ఆ రోజు నీళ్ళు మీకు దొరకలేదనీ.